మూడేళ్ల పదవి, ముప్పై ఏళ్ల ఫైలు

శ్రీకాకుళం జిల్లా కోర్టులోని ప్రభుత్వ ప్లీడరు గదికి ఒక ఉదయం గ్రామ రెవెన్యూ అధికారి వచ్చాడనుకుందాం. చేతిలో ప్లాస్టిక్ సంచి. అందులో ఎఫ్‌ఎంబీ నకలు (పొలం కొలతల పటం), పదేళ్ల అడంగల్ (సాగు వివరాల) కాపీలు, 1బి (భూమి ఖాతా) పత్రం, తహసీల్దారు సంతకం చేసిన రెండు పేజీల వివరణ. చెరువు గర్భంలో రెండెకరాలు తనవేనంటూ ఒకరు వేసిన దావాలో ప్రభుత్వం జవాబు దాఖలు చేయాల్సిన ఆఖరి వాయిదా ఆ రోజే. కాగితాలు తిరగేసిన ప్లీడరు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: జమీందారీ ఎస్టేటు రద్దయ్యాక తయారైన భూమి రికార్డు, సెటిల్మెంట్ ఫెయిర్ అడంగల్ ఎక్కడ? అది సంచిలో లేదు. కలెక్టరేటు రికార్డు గదిలో వెతికించాలి. మూల నుంచి గుమాస్తా కాగితం తీసుకుని, మరికొంత గడువు కోరుతూ పిటిషన్ రాయడం మొదలుపెడతాడు.

ఇలాంటి ఉదయాలు ఉత్తరాంధ్ర కోర్టుల్లో కొత్త కాదు. కొత్తగా ఆలోచించాల్సింది ఆ కుర్చీలో కూర్చున్న మనిషి గురించి. ఆ దావా పుట్టినప్పుడు ఆ కుర్చీలో ఉన్నది వేరొకరు. తీర్పు వచ్చే నాటికి ఇంకొకరు ఉంటారు. ప్రభుత్వ ప్లీడరు పదవీకాలం సాధారణంగా మూడేళ్లు. అప్పీళ్లతో కలిపి చూస్తే ఒక భూమి దావా రెండు, మూడు దశాబ్దాలు నడవడం అసాధారణమేమీ కాదు. ఈ రెంటి మధ్య ఉన్న ఎడంలోనే ప్రభుత్వ భూములూ, ఖజానా డబ్బూ, అంతకన్నా విలువైన కొన్ని నేర విచారణలూ జారిపోతున్నాయి. ప్రభుత్వ న్యాయవాదుల గురించి చర్చ జరిగినప్పుడల్లా అది ఎవరిని వేశారు, ఏ పార్టీ మనిషి అనే దగ్గరే ఆగిపోతుంది. పదవి చేతులు మారినప్పుడు కేసు గురించిన ఎరుక చేతులు మారుతోందా అన్నది అంతకంటే పెద్ద ప్రశ్న.

ప్రభుత్వం తరఫున నల్లకోటు వేసుకునే వారంతా ఒకే దారిన వచ్చినవారు కారు. మేజిస్ట్రేటు కోర్టుల్లో నేర కేసులు నడిపే అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్లు, అందరూ ఏపీపీలని పిలిచేవారు, రాత పరీక్ష రాసి వచ్చిన శాశ్వత ఉద్యోగులు. రాష్ట్ర స్థాయి పోలీసు నియామక మండలి ద్వారా ఎంపికై, సీనియర్ ఏపీపీగా, ఆపైన అదనపు పబ్లిక్ ప్రాసిక్యూటరు (పీపీ)గా మెట్టు మెట్టుగా పైకి వెళ్తారు. బదిలీలు, పింఛను, క్రమశిక్షణ చర్యలు అన్నీ మిగతా ఉద్యోగుల్లాగే. రెండో దారి బార్ నుంచి, అంటే ప్రాక్టీసు చేస్తున్న న్యాయవాదుల్లోంచి, నేరుగా వచ్చేది. సివిల్ వ్యవహారాలు చూసే ప్రభుత్వ ప్లీడర్లు (జీపీలు), వారి కింద సహాయ ప్లీడర్లు (ఏజీపీలు), సెషన్స్ కోర్టుల్లో చాలామంది పీపీలు ఈ కోవలోని వారే. ఏడేళ్లకు తగ్గని ప్రాక్టీసు ఉన్న న్యాయవాదుల పేర్లతో జిల్లా మేజిస్ట్రేటు, అంటే కలెక్టరు, సెషన్స్ జడ్జిని సంప్రదించి జాబితా తయారు చేయాలి. ఆ జాబితాలో లేని వ్యక్తిని పీపీగా నియమించకూడదు. 1973 నాటి నేర విచారణ స్మృతిలోని 24వ సెక్షన్ చెప్పింది ఇదే. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 18వ సెక్షన్‌గా అదే పద్ధతి కొనసాగుతోంది.

చట్టం రాసిన తీరు బాగానే ఉంది. న్యాయవాది సత్తా తెలిసింది రోజూ వాదనలు వినే జడ్జికి. అవసరం తెలిసింది కలెక్టరుకు. ఇద్దరూ కూర్చుని పేర్లు రాస్తే తప్పు జరిగే అవకాశం తక్కువ. కానీ ఆ జాబితాలోంచి ఒక పేరును ఏరుకునే అధికారం పైన, ప్రభుత్వం దగ్గర ఉంది. సర్కారు మారిన ఏడాది బార్ గదుల్లో వినిపించే మాటలు ఎవరైనా వింటే, ఏరుకునే పని ఎలా జరుగుతుందని న్యాయవాదులు నమ్ముతున్నారో వెంటనే అర్థమవుతుంది.

ఈ విషయంలో సుప్రీంకోర్టు చెప్పిన మూడు తీర్పులను వరసగా చూడాలి. 1990లో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం ఒకే ఒక్క ఉత్తర్వుతో రాష్ట్రంలోని అన్ని జిల్లాల ప్రభుత్వ న్యాయవాదులను ఇంటికి పంపింది. శ్రీలేఖ విద్యార్థి కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ప్రభుత్వ న్యాయవాది పదవిలో ప్రజాప్రయోజనం ఉందనీ, మామూలు క్లయింటు తన వకీలును మార్చినట్టు ప్రభుత్వం ఇష్టానుసారం మార్చడం 14వ అధికరణానికి విరుద్ధమనీ చెప్పింది. 2004లో జోహ్రీ మల్ కేసు వచ్చేసరికి స్వరం కొంత తగ్గింది. గడువు ముగిసిన న్యాయవాదికి పొడిగింపు కోరే హక్కు లేదు, ఎంపికలో కోర్టులు అతిగా తలదూర్చవు అన్నది దాని సారాంశం. 2016లో బ్రిజేశ్వర్ సింగ్ చాహల్ కేసులో మళ్లీ గట్టిగా మాట్లాడింది. అసలు ఎంతమంది న్యాయవాదులు కావాలో ముందు లెక్క వేయాలి, తరువాత ప్రతిభను బట్టి ఎంపిక చేయాలి, అది పంజాబ్, హర్యానాలకే కాదు, మిగతా రాష్ట్రాలు కూడా తమ పద్ధతులు చక్కదిద్దుకోవాలి అంది. మూడు తీర్పులనూ కలిపి చదివితే తేలేది ఇది: ఎంపిక నిష్పాక్షికంగా ఉండాలని కోర్టు పదే పదే కోరింది, పదవీకాలానికి భద్రత మాత్రం ఇవ్వలేదు.

అడ్వొకేట్ జనరల్ సంగతి వేరు. 165వ అధికరణం ప్రకారం హైకోర్టు జడ్జి కాగల అర్హత ఉన్న వ్యక్తిని గవర్నర్ నియమిస్తారు, గవర్నర్ ఇష్టం ఉన్నంత కాలమే ఆయన పదవిలో ఉంటారు. శాసనసభలో ఓటు లేకపోయినా మాట్లాడే హక్కు ఉంటుంది. ఆ పదవిలోని వ్యక్తి మంత్రివర్గానికి న్యాయ సలహాదారు. విధానం మారినప్పుడు సలహాదారు మారడం సహజం. 2019లోనూ, 2024లోనూ ప్రభుత్వంతో పాటే అడ్వొకేట్ జనరల్ మారారు, అందులో ఎవరూ తప్పు పట్టాల్సింది లేదు. తప్పు ఎక్కడ జరుగుతోందంటే, అదే తర్కాన్ని టెక్కలి, సోంపేట, బొబ్బిలి, పార్వతీపురం కోర్టుల దాకా దింపడంలో. చెరువు గర్భం ఆక్రమణ కేసులో ప్రభుత్వ విధానం అంటూ ఏముంది? ఏ పార్టీ గెలిచినా చెరువు చెరువే. ఆ కేసు చూసే ఏజీపీని మార్చాలంటే పనితీరు తప్ప మరో కారణం కనిపించకూడదు.

ఈ బాధ శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మిగతా చోట్ల కంటే ఎక్కువగా తగలడానికి చరిత్రలో కారణముంది. ఇది జమీందారీల నేల. 1802 నాటి శాశ్వత శిస్తు ఒప్పందం కింద విజయనగరం, బొబ్బిలి లాంటి సంస్థానాలు ఒకటిన్నర శతాబ్దం నడిచాయి. 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టంతో అవి ప్రభుత్వపరమయ్యాయి. రైత్వారీ పట్టా (రైతు పేరున నేరుగా ఇచ్చే హక్కు పత్రం) ఎవరికి, పోరంబోకు (ప్రభుత్వ భూమి) ఏది, కొండ ఎవరిది అన్న తగవులన్నీ ఆ సెటిల్మెంట్ రికార్డుల చుట్టూనే తిరుగుతాయి. జమీందారీలు లేని రైత్వారీ ప్రాంతం నుంచి వచ్చిన న్యాయవాదికి కూడా ఈ రికార్డుల తీరు ఒంటబట్టడానికి ఏళ్లు పడుతుంది. అది తెలిసిన ప్లీడరు గడువు ముగిసి వెళ్ళిపోతే, ఆ తెలివి కూడా ఆయనతోనే వెళ్తుంది. దానికి తోడు 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా, 1979 జూన్ 1న విజయనగరం జిల్లా, 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడ్డాయి. ప్రతి విభజనలోనూ రికార్డులు బస్తాల్లో ప్రయాణం చేశాయి. ఒక గ్రామం పాత పత్రం విశాఖపట్నంలో, ఆ తరువాతిది శ్రీకాకుళంలో, ఇవాళ్టిది మూడో చోట ఉండే అవకాశం ఉన్న నేల ఇది.

ఇక ప్రాజెక్టులు. నాగావళి మీద తోటపల్లి, వంశధార మీద గొట్టా బ్యారేజీ, హిరమండలం జలాశయం, ఇప్పుడు భోగాపురం విమానాశ్రయం. ప్రతి ఒక్కటీ భూసేకరణే, ప్రతి భూసేకరణా పరిహారం కేసులే. ఇక్కడ ఆలస్యానికి చట్టమే ధర కట్టింది. 1894 నాటి భూసేకరణ చట్టం ప్రకారం కోర్టు పెంచిన పరిహారంపై మొదటి ఏడాది 9 శాతం, ఆపైన 15 శాతం వడ్డీ ప్రభుత్వం కట్టాలి. 2013 నాటి చట్టం కూడా అవే రేట్లు ఉంచింది. ఎకరాకు లక్ష రూపాయలు పెరిగిందనుకుంటే, పదేళ్లు గడిచేసరికి వడ్డీయే అసలును మించిపోతుంది. మొదటి ఏడాదికి 9 వేలు, మిగతా తొమ్మిదేళ్లకు లక్షా 35 వేలు, మొత్తం లక్షా 44 వేలు. పెంపు న్యాయమైనదైతే తొందరగా ఒప్పుకోవాలి, అన్యాయమైతే తొందరగా ఓడించాలి. రెండింటికీ ఫైలు క్షుణ్ణంగా తెలిసిన ప్లీడరు కావాలి. కొత్తగా వచ్చిన జీపీ ఫైలు చదవడానికి తీసుకునే ప్రతి వాయిదా మీదా ఆ వడ్డీ నడుస్తూనే ఉంటుంది. ఈలోపు పొలం పోగొట్టుకున్న రైతు చేతికి వచ్చేది ఏదీ ఉండదు. వడ్డీ ఎంత వచ్చినా, కూతురి పెళ్లి నాటికి అందని పరిహారం ఆ ఇంటికి అందని పరిహారమే.

నిజానికి ప్రభుత్వానికి చట్టం మామూలు మనిషికి ఇవ్వని వెసులుబాటు ఇచ్చింది. సివిల్ ప్రక్రియా స్మృతి 80వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వంపై దావా వేసేవారు సాధారణంగా రెండు నెలల ముందు నోటీసు ఇవ్వాలి. ఆలోచించుకోవడానికీ, తప్పుంటే సరిదిద్దుకోవడానికీ ఇచ్చిన గడువది. దావా వేశాక జవాబుకు 30 రోజులు, గట్టిగా అడిగితే 90 రోజుల వరకు. నోటీసు వచ్చిన రోజే తహసీల్దారు కార్యాలయం నుంచి ప్లీడరుకు కాగితం కదిలితే పైన చూసిన ప్లాస్టిక్ సంచి దృశ్యం పుట్టదు. జిల్లా పాలనలో కలెక్టర్లు వారం వారం సమీక్షలు చేస్తారు. ధాన్యం సేకరణ, పింఛన్లు, గృహాలు, అన్నింటికీ లెక్కలుంటాయి. 80వ సెక్షన్ నోటీసులు ఎన్ని వచ్చాయి, ఎన్నింటికి జవాబు వెళ్లింది అన్న లెక్క కూడా ఆ పట్టికలో ఒక వరుసగా చేరితే చాలా మారుతుంది. అప్పీళ్ల ఆలస్యంపై 2012లోనే సుప్రీంకోర్టు లివింగ్ మీడియా కేసులో విసుగు ప్రకటించింది. ఫైలు బల్ల నుంచి బల్లకు తిరిగిందని చెప్పి ప్రతిసారీ ఆలస్యానికి మాఫీ కోరడం కుదరదని తేల్చి చెప్పింది.

భూమి పోతే డబ్బు రూపంలోనైనా ఎంతో కొంత తిరిగి వస్తుంది. నేర విచారణలో ఓటమికి అలాంటి ప్రత్యామ్నాయం లేదు. దాని బరువు ఈ ప్రాంతానికి బాగా తెలుసు. 1967 అక్టోబర్ 31న అప్పటి శ్రీకాకుళం జిల్లా ఏజెన్సీలోని లేవిడి దగ్గర గిరిజన సంఘం సభకు వెళ్తున్న కోరన్న, మంగన్న కాల్పుల్లో చనిపోయారు. నిందితులైన భూస్వాముల తరఫు వారు సెషన్స్ కోర్టులో నిర్దోషులుగా బయటకొచ్చారు. ఆ తరువాత మన్యంలో రగిలిన సాయుధ పోరాటానికి కారణాలు అనేకం ఉన్నాయి. భూమి, అప్పు, వెట్టి, అన్నీ ఉన్నాయి. కానీ ఆ తీర్పు గిరిజనుల్లో కోర్టుల మీద మిగిలి ఉన్న నమ్మకాన్ని దెబ్బ తీసిందని ఆ కాలం గురించి రాసిన వారు చాలామంది గుర్తు చేస్తారు. ఒక విచారణ వీగిపోతే దాని వెల కోర్టు గోడల మధ్యనే ఆగదు.

2012 జూన్ 12న వంగర మండలం లక్ష్మీపేటలో ఐదుగురు దళితులు హతమయ్యారు. వివాదం మడ్డువలస జలాశయం కోసం ప్రభుత్వం సేకరించగా మునగకుండా మిగిలిన భూమి గురించి. అంటే ఒక సివిల్ ప్రశ్న, ఆ భూమి ఎవరు సాగు చేసుకోవాలి అన్నది, ప్రభుత్వ యంత్రాంగం సకాలంలో తేల్చకపోతే ఎలాంటి నెత్తుటి రూపం తీసుకుంటుందో ఈ ఊరు చూపించింది. అప్పుడు శ్రీకాకుళం జిల్లాలో ఉన్న ఆ మండలం 2022లో విజయనగరం జిల్లాలో చేరింది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఇలాంటి కేసుల కోసమే ప్రత్యేక పీపీలను నియమించమంది. 1995 నాటి నిబంధనలు ఇంకొక అడుగు ముందుకేసి, బాధితులు కోరితే పేరున్న సీనియర్ న్యాయవాదిని నియమించే అధికారాన్ని కలెక్టరుకు ఇచ్చాయి. ఆ నిబంధన రాసిన వారికి పల్లె కోర్టుల వాస్తవం తెలుసు. అదే బార్‌లో, అదే ఊళ్ల క్లయింట్లతో బతికే న్యాయవాది పెద్ద కులం ముద్దాయిలను గట్టిగా నిలదీయడానికి ఎంత ధైర్యం కావాలో తెలుసు. అందుకే ఎంపికలో బాధితుడికి గొంతు ఇచ్చారు. ఈ సదుపాయం ఉందని ఎంతమంది బాధిత కుటుంబాలకు ఎవరైనా చెప్తున్నారన్నది వేరే సంగతి. చెప్పాల్సిన మొదటి వ్యక్తి పీపీయే.

పీపీ పోలీసుల వకీలు కాదు. ఈ మాట చట్టంలో ఎప్పటి నుంచో ఉన్నా, ప్రాసిక్యూషన్ విభాగాన్ని పోలీసు అధికారుల అదుపు నుంచి తప్పించాలని 1995లో షహానే కేసులో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. కొత్త సంహిత 20వ సెక్షన్ ఆ దిశలో ఇంకొంచెం దూరం వెళ్లింది. ప్రాసిక్యూషన్ డైరెక్టరేటును జిల్లా స్థాయి వరకు తెచ్చే వీలు కల్పించింది. పదేళ్లు, అంతకు మించి శిక్ష పడే కేసుల పర్యవేక్షణ డైరెక్టరుకు, ఏడేళ్ల నుంచి పదేళ్ల లోపు శిక్ష పడేవి డిప్యూటీ డైరెక్టరుకు, ఏడేళ్ల లోపువి అసిస్టెంట్ డైరెక్టరుకు అప్పగించింది. కేసు ఉపసంహరణ విషయంలో 360వ సెక్షన్ ఒక మంచి పని చేసింది. బాధితుడి మాట వినకుండా ఉపసంహరణకు కోర్టు అనుమతి ఇవ్వకూడదంది. దీనికి ముందే, 2021 ఆగస్టులో, ఎంపీలు, ఎమ్మెల్యేల మీద కేసులను హైకోర్టు అనుమతి లేకుండా వెనక్కి తీసుకోకూడదని సుప్రీంకోర్టు ఆదేశించింది. ఉపసంహరణ పిటిషన్ మీద సంతకం పెట్టేది పీపీ. ప్రభుత్వం కోరినా, తన బుర్రతో ఆలోచించి ఒప్పుకుంటేనే సంతకం పెట్టాలని చట్టం. మూడేళ్లకోసారి అదే ప్రభుత్వం దయ మీద కొనసాగాల్సిన మనిషి నుంచి ఆ ధైర్యాన్ని ఆశిస్తున్నాం. ఆ ధైర్యం చూపిన వారు ఈ రెండు జిల్లాల్లో లేరని కాదు, వ్యవస్థ వారికి ఏ సాయమూ చేయడం లేదని.

ఇంత బరువున్న పదవి న్యాయవాది జీవితంలో ఎక్కడికి తీసుకెళ్తుంది? వకీలు వృత్తి ఎంత దూరం తీసుకెళ్లగలదో చూపడానికి ఈ జిల్లాలతో ముడిపడిన రెండు పేర్లు చెప్పుకోవచ్చు. సంతకవిటి ప్రాంతంలోని కావలి గ్రామానికి చెందిన దళితుడు కొత్తపల్లి పున్నయ్య వకీలుగా మొదలై, శాసనసభ్యుడిగా ఎన్నికై, తరువాత హైకోర్టు న్యాయమూర్తి అయ్యారు. విరమణ తరువాత రాజ్యాంగం పనితీరును సమీక్షించడానికి 2000లో కేంద్రం వేసిన జాతీయ కమిషన్‌లో సభ్యుడు. రాష్ట్రంలో అస్పృశ్యత, దళితులపై దాడుల మీద విచారణ జరిపిన ఏకసభ్య కమిషన్ కూడా ఆయనదే. కోర్టు, శాసనసభ, న్యాయపీఠం, కమిషన్, నాలుగింటినీ లోపలి నుంచి చూసిన అరుదైన జీవితం. ఆయన కుమార్తె ప్రతిభా భారతి ఆంధ్రప్రదేశ్ శాసనసభకు తొలి మహిళా స్పీకర్. వి.వి.గిరి డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదివి బరంపురంలో వకీలుగా కుదురుకున్నారు. 1937లో బొబ్బిలి నియోజకవర్గంలో బొబ్బిలి రాజాను ఓడించారు. 1952లో పాతపట్నం ఓటర్లు ఆయన్ను లోక్‌సభకు పంపారు. కేంద్ర కార్మిక మంత్రిగా ఉండి, బ్యాంకు ఉద్యోగుల విషయంలో ట్రైబ్యునల్ తీర్పును ప్రభుత్వం మార్చిందని 1954లో రాజీనామా చేశారు. తీర్పును గౌరవించాలన్న పట్టుదల వకీలు వృత్తి నేర్పిన సంస్కారమే.

ఇప్పటి యువ న్యాయవాదికి దారి మరింత స్పష్టంగా ఉంది, పోటీ కూడా ఎక్కువే. ఎచ్చెర్లలోని అంబేడ్కర్ విశ్వవిద్యాలయంలోనో, విజయనగరం మాన్సాస్ న్యాయ కళాశాలలోనో పట్టా తీసుకుని బార్‌లో చేరిన వారి ముందు మూడు తలుపులున్నాయి. ఏపీపీ పరీక్ష ఒకటి. జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష ఇంకొకటి. దీనికి కనీసం మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలన్న షరతును సుప్రీంకోర్టు 2025 మేలో తిరిగి తెచ్చింది. ఏడేళ్లు దాటిన వారికి నేరుగా జిల్లా జడ్జి నియామకం మూడోది. ప్రాసిక్యూటరుగా పనిచేసిన కాలం న్యాయవాదిగా పనిచేసిన కాలంగానే లెక్క అని 2013లో దీపక్ అగర్వాల్ కేసు తేల్చింది. 2025 అక్టోబరులో రాజ్యాంగ ధర్మాసనం, కింది కోర్టు జడ్జిలు కూడా తమ బార్ అనుభవాన్ని, సర్వీసును కలుపుకుని ఆ పోటీలో నిలబడవచ్చని చెప్పింది. దీంతో ఏపీపీ ఉద్యోగం చిన్న మెట్టు అనుకునే రోజులు పోయాయి. జీపీ, ఏజీపీ పదవులకు మాత్రం ఈ ఊపు రాలేదు. అక్కడ గౌరవ వేతనం తక్కువ, కొనసాగింపు అనుమానం, సొంత ప్రాక్టీసు వదులుకోలేని పరిస్థితి. అందుకే బార్‌లో బాగా నడుస్తున్న సివిల్ వకీళ్లు ఆ దరఖాస్తు జోలికి వెళ్లడానికి వెనకాడతారు.

మనుషులు మారినా ఫైలు నిలబడిన సందర్భమూ ఈ ప్రాంతంలోనే ఉంది. వంశధార జలాలపై ఒడిశా 2006లో కేంద్రానికి ఫిర్యాదు చేసింది. 2010లో ట్రైబ్యునల్ ఏర్పడింది. 2017 సెప్టెంబరులో తీర్పు వచ్చింది, నేరడి బ్యారేజీకి దారి తెరిచింది. ఈ పదకొండేళ్లలో ఆంధ్రప్రదేశ్‌కు నలుగురు ముఖ్యమంత్రులు మారారు, రాష్ట్రమే రెండు ముక్కలైంది. అయినా 1962 నాటి సగం సగం పంపకం ఒప్పందం నుంచి ప్రవాహ లెక్కల వరకు కావాల్సిన కాగితం కావాల్సిన రోజున ట్రైబ్యునల్ ముందుకు వచ్చింది. జలవనరుల శాఖలో అంతర్రాష్ట్ర వ్యవహారాల కోసమే ఒక విభాగం ఉంది. వాదించే న్యాయవాది ఎవరైనా, ఆయనకు అందించే ఇంజినీర్ల దగ్గర కేసు మొత్తం ఉంటుంది.

జిల్లా కోర్టులో చెరువు గర్భం కేసుకు అంత పెద్ద విభాగం అక్కర్లేదు. పదవి దిగే జీపీ ఒక్కో కేసుకు ఒక్కో పేజీ రాసి ఇస్తే చాలు: దావా ఏ దశలో ఉంది, ఏ రికార్డు ఏ గదిలో ఉంది, ఎవరి సాక్ష్యం మిగిలింది, తదుపరి వాయిదా ఎప్పుడు, ఎక్కడ మన కేసు బలహీనం. తహసీల్దారు బదిలీ అయితే చార్జి పత్రాలు రాసుకుని, సంతకాలు పెట్టి, బీరువా తాళాలతో సహా అప్పగిస్తాడు. ప్లీడరు గదిలో కొత్తగా వచ్చిన వారికి చాలాచోట్ల దొరికేది తాడుతో కట్టిన కట్టలు, వాటి పక్కన కూర్చున్న పాత గుమాస్తా. ఏ కట్టలో ఏముందో ఆయనకే గుర్తు.